అడిగిందే ఇచ్చారు

మార్కులు తక్కువొచ్చి సీటు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. మార్కులు ఎక్కువొచ్చి పోగొట్టుకున్నది మాత్రం మా తాలూకాలో నేనొక్కదాన్నే అనుకుంటాను. అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో నాకు ఆ ముచ్చట జరిగింది.

మాది మైపాడుకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ పాళెం. మైపాడు బడిలో ఎనిమిదో తరగతితో చదువు సరి. ఆపైన చదవాలంటే ఏదో ఒక హైస్కూల్లో చేరాలి. ఆ ఏడు కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షకు ముందే పిల్లలందరూ ఒక కాగితం మీద మూడు హైస్కూళ్ళ పేర్లు వరసగా రాసివ్వాలి. మా సామ్రాజ్యం టీచర్ ఆ కాగితాలు మా చేతికిచ్చి, "ఇంట్లో పెద్దోళ్ళను అడిగి వరసగా రాసుకోని రండి" అంది. ఆ వరసను ఎవరు చూస్తారో, దాంతో ఏం చేస్తారో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

నేను ఆ కాగితం తీసుకుని ఒడ్డుకు పోయాను. మా నాయన గంగులయ్య పడవ నీడన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పక్కనే మా అవ్వ పిచ్చమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది.

"యాయా బళ్ళు ఉండాయి?" అని అడిగాడు నాయన.

"ఇందుకూరుపేట, కోవూరు, నెల్లూరు ఆడపిల్లల హైస్కూలు. నెల్లూర్లో అయితే హాస్టలు ఉండాది నాయనా. కూడు కూడా వాళ్ళే పెడతారంట."

నాయన అటూ ఇటూ చూశాడు. ఒడ్డున మా ముగ్గురం తప్ప పురుగు లేదు. అయినా గొంతు తగ్గించి, "నెల్లూరు ఆఖర్న రాయి" అన్నాడు.

ఇక్కడ మా వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. పడవ దించేటప్పుడు "యాడికి" అని మా పాళెంలో ఎవరూ అడగరు. ఎవరైనా తెలియక అడిగితే పడవ వెనక్కి లాగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలి. ఇక ఏ చేప కావాలో దాని పేరు ముందు ఎత్తడమనేది లేనేలేదు. మంచి ధర పలికే వంజరం కోసం పోయేవాడు, చౌకరకం చేపల పేరెత్తి "నాలుగు కవళ్ళు పడితే చాలు" అంటాడు. గంగమ్మకు దణ్ణం పెట్టేటప్పుడు మా అవ్వ కూడా "కవళ్ళియ్యి తల్లీ, లేకుంటే రొయ్యపొట్టియ్యి, వంజరం సంగతి నీ ఇష్టం" అని, ఆ చివరి ముక్క ఎటో చూస్తూ అనేది. కావాల్సింది నోటితో ముందే చెబితే దిష్టి తగులుతుందని, గంగమ్మ బెట్టు చేస్తుందని మా వాళ్ళ నమ్మకం. మా అమ్మ కామమ్మను పెళ్ళిచూపుల్లో చూసొచ్చి నాయన "పరవాలా, ఉండాది" అన్నాడట. చూడగానే మనసు పడ్డాడు కాబట్టి అలా అన్నాడు. ఆ మాటకు మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆయన్ను సాధించింది.

కాబట్టి ముందు ఇందుకూరుపేట రాశాను. రెండోది కోవూరు. నెల్లూరు రాయబోతుంటే అవ్వ వంగి చూసి, చదువు రాకపోయినా, "అంతంత అక్షరాలెందుకు మ్మే, అది చిన్నయిగా రాయి" అంది. చిన్నవిగా రాశాను. సముద్రానికి చెల్లిన న్యాయం సర్కారుకు చెల్లదని పదమూడేళ్ళ పిల్లకు ఎవరు చెబుతారు? మర్నాడు బళ్ళో సామ్రాజ్యం టీచర్ ఆ కాగితం చూసింది, నా మొహం చూసింది, ఏమీ అనకుండా మిగతావాటితో కలిపి కట్టేసింది.

పరీక్షలయ్యాయి. ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున సామ్రాజ్యం టీచర్ గొడుగేసుకుని, చెప్పుల్లోకి దూరిన ఇసుక విదుల్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఆమె మా పాళెం దాకా రావడం అదే మొదలు. అమ్మ కంగారుపడి చాప పరిచి, మజ్జిగ తెచ్చిచ్చింది.

"తాలూకా అంతటికీ మన చెంచులక్ష్మి పేరే మొదట ఉంది" అంది టీచర్.

అవ్వ నాకు మెటికలు విరిచింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాయన మాత్రం గోడకు తగిలించిన తెడ్డు వైపు చూస్తూ, ఏమీ పట్టనట్టు, "సీటు యాడిచ్చినారంట?" అన్నాడు.

"ఇందుకూరుపేటలో."

"సరే. మరి అసలుది ఎప్పుడిస్తారు?"

"అసలుదేంది గంగులయ్యన్నా? అదే."

"అది మేం ఊరికే రాసింది గదమ్మా. మూడోది చూసినారా వాళ్ళు?"

టీచర్ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "మూడోది ఎందుకు చూస్తారు? మార్కులు తక్కువై మొదటిది దొరక్కపోతే రెండోది చూస్తారు, అదీ దొరక్కపోతే మూడోది. ఈ పిల్ల మార్కులకు కాదనే పనే లేదు. అందుకని మీరు ముందు అడిగిందే ఇచ్చారు."

నాయన తెడ్డు మీంచి చూపు తిప్పి అవ్వ వైపు చూశాడు. తరవాత అవ్వ అందుకుంది. "అంత పెద్ద ఆఫీసులో కూర్చునేవోళ్ళకి ఆ మాత్రం తెలవదా టీచరమ్మా? తనకి కావాల్సింది ఎవరన్నా ముందు చెప్పుకుంటారా?"

అప్పుడు టీచర్‌కు విషయం అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియక తల పట్టుకుంది. "ఆడపిల్ల గదా, దగ్గర్లో పెట్టుకుందామని అట్టా రాశారనుకున్నా. అందరూ చేసేది అదే. నాకు మనసు చివుక్కుమంది గానీ, మీ ఇంటి ఇష్టంలో నేనెందుకు దూరాలని ఊరుకున్నా. ఒక్క మాట అడిగుంటే పోయేది."

ఇందుకూరుపేట బడికి వంక పెట్టే పని లేదు, మంచి బడే. కానీ ఆడపిల్లలకు అక్కడ హాస్టలు లేదు. వానలు పడితే మధ్యలో కాలవ పొంగి దారి మునిగిపోతుంది, ఒక్కోసారి నెలల తరబడి తేలదు. ఈడొచ్చిన పిల్లను అంత దూరం ఒంటిగా పంపనని అమ్మ ఎప్పుడో తేల్చి చెప్పింది. పైగా మా మేనత్త నాగులమ్మ కొడుకు చిన్నపోలయ్య అప్పటికే పడవెక్కుతున్నాడు, బడి మానిన పిల్ల ఏ ఇంటికి పోవాలో పాళెంలో అందరికీ తెలుసు. చిన్నపోలయ్య మంచివాడే. కానీ నాకు సామ్రాజ్యం టీచర్ లాగా చేతిలో సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడాలని ఉండేది. ఆ కోరిక నేనూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటి పిల్లనే కదా. టీచర్ వెళ్ళిపోయాక అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. నాకు ఏడుపు కాదు, ఒళ్ళు మండిపోయింది. తాలూకాలో మొదటి పేరు నాది, నాకంటే వెనకబడ్డ పిల్లలు నెల్లూరు పోతున్నారు.

మర్నాడు అమ్మే కొంచెం దిగొచ్చింది. "పోనీలే, వానలొచ్చేదాకా నేనే తోడుపోతా ఇందుకూరుపేటకి. ఎన్నాళ్ళయితే అన్నాళ్ళు చదువుకుంటాది" అంది. అది కూడా తక్కువ మాట కాదు. పొద్దున్నే చేపల గంప దించి, అంత దూరం నాతో నడిచి వచ్చి, సాయంత్రం మళ్ళీ నాకోసం రావాలి ఆమె. ఆ మాటతో నాకు సగం చదువు చేతికొచ్చింది.

అలా సగంతో సర్దుకుంటుండగా సామ్రాజ్యం టీచర్ మళ్ళీ వచ్చింది. నెల్లూర్లో పుట్టింటికి పోయి, అక్కడ విద్యాశాఖ ఆఫీసులో కనుక్కుని వచ్చిందట. పిల్లలు చేరకుండా వదిలేసిన సీట్లను మళ్ళీ పంచుతారు. దానికొక రోజు పెట్టారు. వచ్చినవాళ్ళను మార్కుల వరసన పిలుస్తారు, మిగిలినవాటిలో ఏది కావాలో కోరుకోవచ్చు.

"అయితే రెండు సంగతులు ఉన్నాయి," అంది టీచర్. "ఇప్పుడు చేతిలో ఉన్న సీటు ముందే వదులుకోవాలి. వదిలాక నెల్లూరు దొరక్కపోతే, మళ్ళీ ఇందుకూరుపేట ఇమ్మంటే ఇయ్యరు. ఇంకోటి, ఏ స్కూలు కావాలో పిల్ల చెబితే చెల్లదు. తండ్రి నోటితో చెప్పాలి, అందరి ముందర."

"నెల్లూర్లో సీట్లు మిగిలుంటాయా?" అంది అమ్మ.

"ఒకటో రెండో మిగలొచ్చు. మిగలకపోనూ వచ్చు."

"అయితే వద్దు. రెంటికీ చెడ్డ రేవడి అవుద్ది నా బిడ్డ."

అవ్వకు బెంగ వేరే. "నలుగుర్లో నిలబడి నాకు ఇదే కావాలని అడగడమా? మన ఇంటా వంటా ఉండాదా?" అంది. నాయన ఏ పక్కా మాట్లాడలేదు. వల భుజానేసుకుని ఒడ్డుకు పోయాడు. ఆ తరవాత రోజూ వేటకు పోయొచ్చాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఆయన మనసులో ఏముందో కనుక్కోవడం మా వల్ల కాలేదు. నేను మాత్రం పగలంతా ఆయన మొహమే చూస్తూ తిరిగాను.

ఆఫీసు పెట్టిన రోజున నాయన వేటకు పోలేదు. పెళ్ళినాటి తెల్లచొక్కా పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాడు. భుజాల దగ్గర బిగుసుకుపోయింది.

"మ్మే, జడేసుకో" అన్నాడు నాతో.

గడప మీద కూర్చున్న అవ్వ ఆ చొక్కా వైపు చూసింది, నా కొత్త రిబ్బన్ల వైపు చూసింది. ఎక్కడికి అని అడగలేదు. అడక్కూడదు కదా. మెల్లగా కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది.

నెల్లూరు బస్టాండులో సామ్రాజ్యం టీచర్, వస్తామో రామో తెలియకపోయినా, పొద్దున్నుంచీ మాకోసం కాచుకుని ఉంది. ఆమె తీసుకుపోయిన హాలు నిండా జిల్లా నలుమూలల నుంచీ వచ్చిన తండ్రులే. కండువాల వాళ్ళు, కళ్ళజోళ్ళ వాళ్ళు, వాళ్ళ పక్కన తలలు నున్నగా దువ్వుకున్న పిల్లలు. లోపలికి తండ్రికీ పిల్లకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదన్నారు. టీచర్ గుమ్మం బయటే ఆగిపోయింది. ఎదురుగా నల్లబల్ల మీద స్కూళ్ళ పేర్లు, ఒక్కోదాని పక్కన మిగిలిన సీట్లు రాసి ఉన్నాయి. నెల్లూరు ఆడపిల్లల హైస్కూలు, హాస్టలుతో, ఒకటి.

అది నాయనకు మెల్లగా చదివి చెప్పాను. ఆయన తలూపాడు. ముందు ఒక పిల్లవాణ్ణి పిలిచారు, వాడితో నాకు పేచీ లేదు. తరవాత కావలి వైపు పిల్ల. వాళ్ళ నాన్న కళ్ళజోడు సవరించుకుని నల్లబల్ల వైపు చాలాసేపు చూశాడు. ఆ పిల్ల చెవిలో ఏదో అడిగాడు. నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, సామ్రాజ్యం టీచర్ వాళ్ళ యేసుప్రభువుతో సహా. ఆఖరికి ఆయన కావలి స్కూలే కోరుకుని వెళ్ళిపోయాడు.

"చెంచులక్ష్మి, తండ్రి గంగులయ్య" అని పిలిచారు.

మేజా వెనక కూర్చున్న ఆఫీసరు నెరిసిన జుట్టు మనిషి. నా మార్కులు చూసి కనుబొమ్మలు ఎత్తాడు. "నీ కూతురికి ఇందుకూరుపేటలో సీటు ఉందిగదయ్యా. వదులుకుంటున్నావా?"

నాయన తలూపాడు.

"మళ్ళీ రాదు. తెలుసునా?"

"తెలుసు దొరా."

నాయన వేలిముద్ర వేశాడు. అమ్మ నాకు ఇస్తానన్న సగం చదువు ఆ ముద్రతో పోయింది.

"ఇప్పుడు చెప్పు. ఏ స్కూలు కావాలి?"

నాయన పెదవులు తడుపుకున్నాడు. "ఏదిచ్చినా సంతోషమే దొరా" అన్నాడు.

"అట్లా కుదరదు. పేరు చెప్పాలి. నీ వెనక ఎంతమంది ఉన్నారో చూడు."

"కోవూరు..." అన్నాడు నాయన.

ఆఫీసరు కలం కాగితం మీదికి వంగింది. చెబితే చెల్లదని తెలుసు, అయినా నాయన చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నావైపు చూడలేదు. అలవాటు ప్రకారం కిటికీ వైపు చూశాడు. ఆ తరవాత ఏమనుకున్నాడో, తల తిప్పి ఆఫీసరు కళ్ళలోకి చూశాడు.

"కోవూరు వద్దు దొరా. నెల్లూరు. ఆడపిల్లల హైస్కూలు, హాస్టలుతో. నాకు కావాల్సింది అదే. మొదట్నించీ అదే."

అలల హోరులో పక్క పడవవాణ్ణి పిలిచే గొంతు అది. హాల్లో అందరూ తలలు తిప్పి చూశారు. తనకు ఫలానాది కావాలని మా నాయన అనగా అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు.

"వినపడుతుందయ్యా, అంత గట్టిగా ఎందుకు," అన్నాడు ఆఫీసరు, రాసుకుంటూ. బంట్రోతు గుడ్డతో నల్లబల్ల మీద ఒకటి అంకె తుడిచేశాడు. తరవాతి పేరు పిలిచారు.

బయటికి వస్తుంటే సామ్రాజ్యం టీచర్ ఎదురొచ్చి నన్ను కావలించుకుంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాయన గొంతు గుమ్మం బయటికేం ఖర్మ, వీధిలోకి కూడా వినపడిందట. నాకు ఎగరాలనిపించింది, నిజంగా రెండు మెట్లు ఎగిరి దూకాను. నాయన మాత్రం మెట్ల మీద కూలబడ్డాడు. బిగుసుకున్న చొక్కా గుండీలు విప్పుకున్నాడు.

"గంగమ్మ వినుంటాది టీచరమ్మా" అన్నాడు.

"వినే ఉంటుందన్నా," అంది టీచర్. "వినాల్సినవాళ్ళందరూ విన్నారు."

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. అవ్వ మాత్రం నాయన్ను పట్టుకుంది. "పేరు పెట్టి అడిగినావా? అందరి ముందర? రేపు సముద్రం మీదికి యా మొహం పెట్టుకోని పోతావురా?" అంది. ఆ పూట కొడుకుతో మాట్లాడలేదు, అన్నమూ తినలేదు.

మర్నాడు తెల్లారకముందే నాయన పడవ దించాడు. పొద్దెక్కేసరికి మా ఇంటిల్లిపాదీ ఒడ్డున ఉన్నాం, ఎవరికి వాళ్ళం ఏదో పని ఉన్నట్టు. మేనత్త నాగులమ్మ కూడా వచ్చి నిలబడింది. పడవ కనబడింది. ఒడ్డుకు చేరింది. అవ్వ ఆ వయసులో మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, వలలో చేతులు పెట్టి కెలికి చూసింది. కవళ్ళు, కొంచెం రొయ్యపొట్టు, అడుగున నాలుగు చందువలు.

"ఏందిమా?" అని అడిగాడు నాయన.

"మొన్నటి మాదిరే ఉండాది" అంది అవ్వ. ఆమె గొంతులో కొంచెం నిరాశ కూడా వినిపించింది నాకు. అంత ఘోరం చేసొస్తే గంగమ్మ అసలు పట్టించుకోనే లేదు. అవ్వ కాసేపు నడుం మీద చెయ్యేసుకుని సముద్రాన్ని చూస్తూ నిలబడింది. తరవాత గంప నింపుకుని మైపాడు పోయింది. సాయంత్రం అమ్మ ఉప్పుకు మైపాడు అంగడికి పోతే, అంగడివాడే ముందుగా చెప్పాడట, మీ పిల్లకు నెల్లూర్లో సీటు వచ్చిందట కదా, పెద్దావిడ పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పిందని.

హాస్టల్లో చేరే రోజు నాయనా, అవ్వా నాతో బయలుదేరారు. రేకుపెట్టె నాయన భుజం మీద, ఎండుచేపల మూట అవ్వ చంకలో. హాస్టల్లో చేపలు పెట్టరేమోనని ఆమె బెంగ. పాళెంలో సగం మంది బస్సు దాకా వచ్చారు. ఇక సీటు దొరికింది కదా, నోళ్ళు కట్టేసుకునే పని లేక ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. చిన్నపోలయ్య పెట్టె బస్సు మీదికి ఎక్కించి, "బాగా చదువుకో" అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

బస్సు కదిలాక కండక్టరు మా దగ్గరికి వచ్చాడు.

"యాడికవ్వా?" అన్నాడు.

నాయన ఉలిక్కిపడి అవ్వ మొహం చూశాడు. నేనూ చూశాను. మామూలు రోజుల్లో అయితే ఆ ఒక్క మాటకు ఆమె బస్సు దిగి కాళ్ళు కడుక్కునేది. ఇప్పుడు మూట ఒళ్ళోకి లాక్కుని, నిటారుగా కూర్చుంది.

"నెల్లూరికి," అంది. "ఆడపిల్లల హైస్కూలికి. ఇది నా మనవరాలు చెంచులక్ష్మి. తాలూకాకంతా మొదటి మార్కు. తొమ్మిదో తరగతికి పోతా ఉండాది."

"నెల్లూరు దాకా అయితే ఇస్తానవ్వా. తొమ్మిదో తరగతికి నాకాడ టికెట్టు లేదు."

బస్సంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. వెనక సీట్ల వాళ్ళకు వినపడిందో లేదోనని అటు తిరిగి, గొంతు పెంచింది.

"తొమ్మిదే కాదు అబ్బయ్యా, పదకొండు దాకా చదువుతాది. ఆ పైన టీచరవుతాది. నెల్లూరికి మూడు టికెట్లు కొట్టు."